టీసీ తీసుకుంటే తీరిపోయిందనుకున్నాం

మా వైపు బడితో తగాదా వస్తే అది తేలేది ఒక్కచోటే, టీసీ దగ్గర. పిల్లవాడి మీద చెయ్యి పడిందా, టీసీ ఇచ్చేయండి. ఫీజు దగ్గర మాటా మాటా పెరిగిందా, బాకీ కట్టేసి టీసీ పట్టుకుపోండి. ఈ మాట తండ్రి నోట కోపంగా వస్తుంది, బడి నోట చల్లగా వస్తుంది. ఎవరి నోట వచ్చినా ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదనే అర్థం. పర్చూరు, చిలకలూరిపేట మధ్య జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఉద్యోగమంతా చేసి రిటైరైనవాణ్ణి నేను. ఆ కాగితాలు రాసిన చేతుల్లో నాదీ ఒకటి. బడి మానడానికి కారణం అన్న గడిలో 'తల్లిదండ్రుల కోరికపై' అని రాసేవాళ్ళం. అసలు కారణం నాకు తెలుసు, తండ్రికి తెలుసు, గుమ్మం పక్కన నిలబడ్డ పిల్లకు మా అందరికన్నా బాగా తెలుసు. అయినా ఆ గడిలో ఇంకో మాట రాసిన గుర్తు నాకు లేదు.

ఈ విషయం రాయడానికి కూర్చుంటే ప్రభుత్వాన్నో, కార్పొరేట్ బడినో తిట్టి లేచిపోయే వీలుంది. ఆ వీలును చాలా ఏళ్ళు వాడుకున్నాం కూడా. వాళ్ళ తప్పు లేదని కాదు. కానీ ఇంటికీ బడికీ మధ్య కూర్చుని, ఇటు మాట అటూ అటు మాట ఇటూ సరిగ్గా వినిపించే మనిషి మా ఊళ్ళలో లేకుండా పోయింది మా కళ్ళ ముందే. ఎవరో తీసుకుపోలేదు. అక్కర్లేదని మేమే అనుకున్నాం.

అంతకుముందు అలాంటి మనిషి ఉన్నాడా అంటే, ఉన్నాడనీ గట్టిగా చెప్పలేను, లేడనీ చెప్పలేను. పెద్దమనుషులు ఉండేవాళ్ళు. వాళ్ళు రచ్చబండ మీద కూర్చుంటే కొందరు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. నిలబడేవాళ్ళు ఎప్పుడూ దళితుల పల్లెవాళ్ళే. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట దళితుల ఊచకోత దాకా ఎలా పోయిందో, 1991 ఆగస్టులో చుండూరులో మళ్ళీ ఏం జరిగిందో ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పెద్దరికం పోయినందుకు నాకు బాధ లేదు, పోవాల్సిందే. నా బాధ తర్వాతి సంగతి గురించి. ఆ అరుగు కూలిన చోట అందరం సమానంగా కూర్చోగల బల్ల ఒకటి వేసుకోవాల్సిన పని మాది. మేం వెయ్యలేదు. పల్లె పిల్లల తండ్రులతో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కన్నా మా పిల్లల్ని వేరే బడికి పంపడం తేలికనిపించింది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అక్కడ ఇంగ్లీషు మీడియం అన్నాం, బస్సు గుమ్మం ముందుకొస్తుంది అన్నాం. రెండూ నిజమే. రెండూ నిజం కాబట్టే మూడోది చెప్పాల్సిన అవసరం పడలేదు.

పత్తి కూడా దీనికి తోడైంది. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తిని తినేసినప్పుడు, పురుగుమీద చల్లాల్సిన మందు రైతులు తామే తాగిన వార్తలు వరసగా విన్నాం. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: పిల్లల్ని ఈ మట్టిలోంచి బయట పడెయ్యాలి. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ నేనదే అంటాను. కానీ ఆ తొందరలో చదువు మాకు అప్పు చేసైనా కొనాల్సిన సరుకైపోయింది. సరుకు బాగా లేకపోతే కొట్టు మారుస్తాం గాని కొట్టువాడితో కూర్చుని మాట్లాడం కదా. అలా మారుస్తూ మారుస్తూ పోయాం. ముందుగా వెళ్ళిపోయింది ఎవరంటే నాలుగు మాటలు గట్టిగా అడగగలిగినవాళ్ళు. టీచర్లమైన మేం ఆ వరసలో మొదట ఉన్నాం. నేను పాఠం చెప్పే బడిలో నా కొడుకు చదవలేదు. అక్కడ ఏదైనా తప్పు జరిగితే తండ్రిగా అడగడానికి నేను లేను, టీచరుగా ఉన్న నన్ను అడగగల తండ్రి లేడు.

చట్టం మాత్రం మాకోసం ఆ బల్ల వేసి ఇచ్చింది. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో బడి నిర్వహణలో తల్లిదండ్రులకు చోటిస్తూ ఒక చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెప్పింది. ప్రతి ప్రభుత్వ బడికీ, ఎయిడెడ్ బడికీ ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురిని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు, హెడ్మాస్టరు కన్వీనరు. ఇల్లూ బడీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ బల్ల మీద మేం పెట్టింది తీర్మానాల పుస్తకం ఒక్కటే.

మిరపకోతల రోజుల్లో సమావేశం పెడితే ఎవరూ రారు. పెట్టేది ఉదయం పదకొండింటికి, ఆ వేళకు తల్లులంతా చేలో ఉంటారు. కూలి పోగొట్టుకుని రమ్మనడం న్యాయం కాదని మేమే జాలిపడి పుస్తకాన్ని వాళ్ళ దగ్గరికి పంపేవాళ్ళం. అటెండరు సైకిలు మీద కల్లానికి పట్టుకెళ్ళేవాడు. తాలుకాయ ఏరుతున్న తల్లి చెయ్యి చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసేది, చదువొచ్చినామె కూడబలుక్కుని పేరు రాసేది. పుస్తకం తిరిగొచ్చేసరికి పేజీ అంచులు ఎర్రబారి ఉండేవి, తెరిస్తే ఘాటుకు తుమ్ములొచ్చేవి. తీర్మానం అప్పటికే రాసి ఉండేది: 'చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' సమావేశాన్ని రాత్రి ఏడింటికి మార్చుకుందామని మాకు తోచలేదు అని రాయబోయాను. అది నిజం కాదు. తోచింది. ఏడింటికి నేను చిలకలూరిపేటలో మా ఇంట్లో ఉండాలి. మా స్టాఫులో ఎవరూ బడి ఉన్న ఊళ్ళో కాపురం లేరు. అయిదింటి బస్సు పోతే మళ్ళీ ఆటో వెతుక్కోవాలి. ఆ బస్సు కోసం కొన్ని వందల మంది తల్లుల మాట వినకుండానే నా ఉద్యోగం పూర్తయింది.

తండ్రుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కొడుకుని తెచ్చి అప్పగిస్తూ 'కళ్ళు రెండూ వదిలేసి తోలు ఒలిచెయ్యండి సార్' అనేవాళ్ళు. ప్రేమతోనే అనేవాళ్ళు, నమ్మకంతో అనేవాళ్ళు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ నిషేధించాక కూడా అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను నవ్వాను. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడికి ఆ నవ్వు ఎలా కనబడి ఉంటుందో ఆలోచించలేదు. ఇల్లూ బడీ వాడి ముందే ఒక్కటైపోయాయి. రేపు వాడికి ఏదైనా జరిగితే ఎవరితో చెప్పుకోవాలి?

ఒక సంక్రాంతి సంగతి చెప్పాలి. నేను రిటైరవడానికి కొంచెం ముందు. మా ఊరి కౌలు రైతు కొడుకు తొమ్మిదో తరగతి, పట్నంలో హాస్టల్ బడిలో. భోగి నాడు తలంటు పోస్తుంటే తల్లి చూసింది, పిక్కల మీద వాతలు. పాతవి, వాటి మీద కొత్తవి. వార్డెన్ వైరుతో కొట్టాడని వాడు చెప్పింది ఆ పూట ఒక్కసారే. తండ్రి పోలీసు స్టేషనుకు పోతానన్నాడు. కానీ బడికి రెండో విడత ఫీజు బాకీ ఉంది, బాకీ తీర్చందే టీసీ రాదు. బంధువులు నన్ను పిలిచారు. పంతులుగారు కదా, రెండు వైపులా చెప్పగలడని.

పండగ సెలవులయ్యాక గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టులో కూర్చున్నాం. అక్కడే ఎందుకంటే, ఆ కొట్టాయనకు బడివాళ్ళతో పరిచయం. తండ్రి ఆయన దగ్గరే విత్తనానికీ మందులకీ అప్పు తెచ్చాడు, కొడుకు ఫీజుకూ అక్కడే తెచ్చాడు, పంట వచ్చాక ఆ కొట్టుకే వెయ్యాలి. మధ్యవర్తిగా కూర్చున్న మనిషికి ఒక వైపు వాడు బాకీ, ఇంకో వైపు వాడు స్నేహం. అది నాకు అప్పుడు వింతగా అనిపించలేదు. నమూనా కాయలు గుట్టలుగా పోసిన బల్ల పక్కన బడి తరఫున వచ్చిన ఆఫీసరు, కొట్టాయన, నేను కుర్చీల్లో కూర్చున్నాం. తండ్రి ఒక మిరప బస్తా (టిక్కీ) మీద కూర్చున్నాడు. గంటలో తేలిపోయింది. బాకీ మాఫీ. టీసీ, స్టడీ సర్టిఫికెట్ ఆ రోజే. కేసు పెట్టకూడదు, ఎక్కడా మాట్లాడకూడదు. తెల్లకాగితం మీద తండ్రి సంతకం పెట్టాడు, సాక్షిగా నేనూ పెట్టాను. తిరుగు బస్సులో నాకు సంతోషంగానే ఉంది. పేదవాడికి డబ్బు మిగిల్చి పెట్టాననుకున్నాను.

ఆ గంటసేపూ ఆ పిల్లవాడు బయట, టిక్కీలు దింపుతున్న లారీ పక్కన నిలబడి ఉన్నాడు. నువ్వేమంటావురా అని మాలో ఒక్కరం అడగలేదు. లోపలికి రమ్మనలేదు. వాడికి ఆ బడి మానడం ఇష్టమో కాదో, స్నేహితులు ఎవరో, వార్డెన్ ఇంకెవరిని కొడుతున్నాడో మాకు తెలియదు. ఆ వార్డెన్ అక్కడే ఉన్నాడు. మిగతా పిల్లలూ అక్కడే ఉన్నారు. వాళ్ళ గురించి వాడు చెప్పగలిగిన మాటను రెండో విడత ఫీజుకు మేం అమ్మేశాం.

దాన్ని మధ్యవర్తిత్వం అనే అనుకున్నాను చాలాకాలం. ఒంటి మీద దెబ్బ పడ్డ పిల్లవాడి విషయం డబ్బుకు సర్దుబాటు చేసే విషయం కాదు. ఆడపిల్లల మీద అఘాయిత్యం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. అయినా ఇన్ని ఊళ్ళలో పరువు పేరుతో అలాంటివి నాలుగు గోడల మధ్య తేల్చేశాం. కూర్చోకూడని చోట్ల అలా కూర్చున్నాం. నిజంగా కూర్చోవాల్సిన చోట మాత్రం ఎప్పుడూ తీరిక లేదు.

ఫీజు గడువు సంగతే తీసుకోండి. మొదటి విడత జూన్‌లో కట్టాలి. జూన్ అంటే ఇంట్లో రూపాయి ఉండని నెల. కౌలు ముందే ఇవ్వాలి, విత్తనం కొనాలి, ఎరువు కొనాలి. పత్తి డబ్బు కార్తీకం తర్వాత గాని రాదు, మిరప డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పరీక్షల ముందు 'బాకీ కడితేనే హాల్ టికెట్' అని బడి అనే వేళకు కాయ కల్లంలో ఎండుతూ ఉంటుంది, లేకపోతే ధర కోసం కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. తండ్రి ఎగ్గొట్టేవాడు కాదు, బడి జీతాలు ఇవ్వకుండా నడిచేదీ కాదు. ఇద్దరికీ మధ్య తేడా రెండు మూడు నెలలు. ఇది కదా కూర్చుని మాట్లాడుకుంటే తీరేది! ఊరి పిల్లలందరి పేరునా ఒక్క ఒప్పందం, కల్లం అయ్యాక కడతామని, ఆలోపు పిల్లల్ని తరగతిలో నిలబెట్టి అడగవద్దని. మా ఎరుకలో ఏ ఊరివాళ్ళమూ ఆ పని చెయ్యలేదు. ఎవరికి వాళ్ళం విడివిడిగా వెళ్ళి, చెవిలో చెప్పుకుని, మన ఒక్కరికి తగ్గించమని బతిమాలుకున్నాం. పక్కింటాయనకు ఎంత తగ్గించారో తెలియకూడదని బడి అనుకుంది, మేమూ అదే అనుకున్నాం.

2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని నాశనం చేసిన ఏడు, అంతకుముందటి కరోనా బాకీలూ ఆ ఏటి బాకీలూ కలిశాయి. 2025లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించేదాకా వచ్చినప్పుడు కూడా బడి గుమ్మాల దగ్గర మళ్ళీ అదే గొడవ. అంతకుముందు ప్రభుత్వం 2021 ఆగస్టులో 53, 54 జీవోలు ఇచ్చి, పంచాయతీల్లోని ప్రైవేటు ప్రాథమిక పాఠశాలల్లో ఏడాదికి పదివేలు మించకూడదంది. డిసెంబరులో హైకోర్టు వాటిని కొట్టేసింది. పేపర్లో చదివి, అయితే ఇక ఏముందిలే అనుకున్నాం. పది మంది తండ్రులు కలిసి ఒక కరస్పాండెంటు దగ్గరికి మర్యాదగా వెళ్ళడానికి జీవో ఎందుకు? ప్రైవేటు బడికి 21వ సెక్షన్ కమిటీ వర్తించదు, నిజమే. కానీ 1994 నాటి ఒకటో నంబరు జీవోలోనే ప్రైవేటు బడుల పాలకవర్గంలో తల్లిదండ్రులకు చోటుండాలని రాసుంది. మా పిల్లలు చదివిన బడిలో ఆ చోట్లో ఎవరు కూర్చున్నారో నేను తెలుసుకోలేదు. ఎవరికైనా తెలుసా అని ఈ మధ్య తెలిసినవాళ్ళను అడిగి చూశాను. ఒక్కరు కూడా చెప్పలేకపోయారు.

మా చేల కోసమే వచ్చే పిల్లల విషయంలో ఇంకా ఘోరంగా ఉన్నాం. జనవరి వచ్చిందంటే ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు నుంచి ముఠాలు ముఠాలుగా కుటుంబాలు కాయ కొయ్యడానికి దిగుతాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. పిల్లలు చేనిగట్టు మీదే. టీసీ లేదని పిల్లను చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టం చెబుతూనే ఉంది. మేం మాత్రం టీసీ తెమ్మన్నాం, మూడు నెలల కోసం ఎందుకులెమ్మన్నాం. మేస్త్రీతో మాట్లాడి, రైతుతో మాట్లాడి, ఆ తల్లిని బడి దాకా తీసుకురాగల వాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఆ చేల రైతులు మా చుట్టాలే. ఆ పిల్లలు కోసిన కాయ అమ్మిన డబ్బుతో మా పిల్లల ఫీజులు కట్టాం.

ఇది కుదిరే పని కాదని తప్పించుకోవడానికీ లేదు. మా పక్క నెల్లూరులోనే పుట్టిన శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేసింది సరిగ్గా ఈ పనే. పిల్లవాడు పనిలో ఉంటే తండ్రిని తిట్టలేదు, యజమానిని ముందే శత్రువును చేసుకోలేదు. ఊరి యువకులు ఇంటికి వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు, రైతు దగ్గరికి వెళ్ళారు, హెడ్మాస్టరు దగ్గర కూర్చున్నారు. వెనకబడ్డ పిల్లలకు బ్రిడ్జి కోర్సు క్యాంపులు పెట్టారు. బడిలో చేరిన పిల్ల మళ్ళీ మానేస్తే ఎందుకు మానేసిందో కనుక్కోవడానికి ఊళ్ళో ఒక వేదిక ఉండేది. పిల్ల బడిలో ఉండాలన్న ఒక్కటి మాత్రం బేరానికి పెట్టలేదు. మిగతావన్నీ ఓపిగ్గా మాట్లాడుకున్నారు. టీచర్ల శిక్షణ తరగతుల్లో ఆ కథలు నేనూ విన్నాను. బాగుందని చప్పట్లు కొట్టాను. అది తెలంగాణ, మన దగ్గర జనం వేరు అనుకుంటూ ఇంటికొచ్చాను.

దారులు ఇంకా ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద పిల్లల హక్కుకు భంగం కలిగితే స్థానిక సంస్థకు రాసి ఇవ్వచ్చు, వాళ్ళు ఇరు పక్షాలనూ విని మూడు నెలల్లో తేల్చాలి. 2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. దాని భాగాలన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు గాని, ఒక ప్రాంతంలోని కుటుంబాల మధ్య శాంతికి భంగం కలిగించే తగాదాల్ని ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని తీర్చవచ్చని అందులో ఒక అధ్యాయమే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పొలం గట్టు తగాదాకు మేం లోక్ అదాలత్‌కు వెళ్ళాం. మొగుడూ పెళ్ళాల తగాదాకూ వెళ్ళాం. పిల్లల బడి సంగతి అంత పెద్దదిగా మాకు ఎప్పుడూ కనబడలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ముఖ్యమంత్రి, విద్యామంత్రి మన బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే వచ్చారు. మా ఊరి బడికి నేను వెళ్ళాను. గుమ్మానికి తోరణాలు, ముగ్గులు, తల్లిదండ్రులకు బడిలోనే భోజనం. ఇన్నేళ్ళలో బడి ఆవరణలో అంతమంది తల్లుల్ని ఒకేసారి నేను చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. హెడ్మాస్టరుగారు చివర్లో మైకు పట్టుకుని ఎవరైనా ఏమైనా చెబుతారా అని అడిగారు. ఎవరూ లేవలేదు. మైకు ముందు ఊరందరి ఎదుట లేచి మాట్లాడటం కష్టమే. అది వాళ్ళ తప్పని అనను. అడిగితే వినేవాళ్ళున్నారన్న అలవాటు ఒక్కరోజులో రాదు. ఆ అలవాటు చెయ్యాల్సిన ఏళ్ళన్నీ మేం తీర్మానాల పుస్తకం కల్లానికి పంపుతూ గడిపాం.

ఆ సాయంత్రం హెడ్మాస్టరుగారిని కలిసి, కమిటీ సమావేశాలు రాత్రి పూట పల్లెలో చర్చి దగ్గర పెడితే ఎలా ఉంటుందని అడిగాను. నేనూ వచ్చి కూర్చుంటానన్నాను. ఆయన కాదనలేదు. మీ రోజుల్లో ఎందుకు పెట్టలేదు సార్ అని మెల్లగా అడిగారు. బస్సు సంగతి చెప్పాను. ఆయనా ఒంగోలు నుంచి వచ్చి వెళ్తారు. ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. తర్వాత రెండుసార్లు రాత్రి సమావేశం జరిగింది. మొదటిసారి కొద్దిమందే వచ్చారు, వచ్చినవాళ్ళు మధ్యాహ్న భోజనం గురించి అడిగారు, ఒక తల్లి తన కూతుర్ని వెనక బెంచీలో ఎందుకు కూర్చోబెడుతున్నారని అడిగింది. ఆ టీచరమ్మ అక్కడే ఉంది, జవాబు చెప్పింది, ఆ జవాబు తల్లికి నచ్చలేదు, ఇంకా మాట్లాడుకున్నారు. కోతలు మొదలయ్యాక సమావేశం ఆగిపోయింది.

మా మనవడు మాత్రం పట్నం బడికి పసుపు బస్సులోనే వెళ్తున్నాడు. మాన్పించి ఊరి బడిలో వెయ్యమని మా అబ్బాయికి నేను చెప్పలేదు. వాడు వినడని కాదు. చెప్పడానికి నాకే ధైర్యం చాల్లేదు.